కొత్తగా వచ్చినోళ్లు మన పని తింటున్నారా?

పొద్దున ఏడు కాకముందే అడ్డా నిండుతుంది. అడ్డా అంటే కూలి కోసం నిలబడే చోటు. ఉప్పల్, బోడుప్పల్, నాచారం వైపు ఇలా నిలబడి పని వెతుక్కునే ఆడవాళ్లు, మగవాళ్లు ఎందరో ఉన్నారు. చేతిలో సద్ది గిన్నె ఉంటుంది. సంచిలో పని మీద కట్టుకునే పాత చీర ఉంటుంది. మేస్త్రీ బండి ఆగగానే నలుగురూ చుట్టూ మూగుతారు. "ఎంతమంది కావాలె? ఎంతిస్తవ్?" అని అడుగుతారు. కొందరికి పని దొరుకుతుంది. కొందరు పది గంటల దాకా చూసి, సద్ది గిన్నె మూత తీయకుండానే ఇంటికి పోతారు.

అలా ఇంటికి పోయే అక్కల నోట ఈ మధ్య ఒక మాట వినబడుతున్నది.

"బిహారోళ్లు, ఒడిశావాళ్లు వచ్చినంక మనకు పని ఏడున్నదే? మనం ఆరు వందలు అడిగితే వాళ్లు ఐదు వందలకే పోతున్నరు. మన నోటికాడి కూడు గుంజుకుంటున్నరు."

పక్కన నిలబడ్డ చెల్లె ఊరుకోదు.

"అక్కా, నువ్వు బోడుప్పల్‌కు ఎప్పుడొచ్చినవ్?"

"నేనా? పెండ్లయిన రెండేండ్లకు. మా జనగామ దిక్కు కాలం గాలేదు. బోర్లెండిపోయినయ్. మూటా ముల్లె సదురుకొని ఉప్పల్‌ల బస్సు దిగినం."

"అప్పుడు ఈడున్నోళ్లు నిన్నేమన్నరు?"

అక్క కాసేపు మాట్లాడదు. తరువాత మెల్లగా అంటుంది. "ఏమంటరు? ఊర్ల పొంటి వచ్చి మా కూలి చెడగొట్టిన్రు అన్నరు."

ఇలాంటి మాటలు ఏ అడ్డా మీదైనా వినవచ్చు. అక్క బాధ నిజమైనది. పని దొరకని రోజు పొయ్యి మీదికి ఏమి వస్తుంది? కాని బాధ ఒకటి, బాధకు కారణం ఒకటి. జ్వరం నిజమే అయినా, ఎందుకు వచ్చిందో తెలియకపోతే మందు పనిచేయదు. కూలి తగ్గడానికి కారణం ఎవరు? పక్కన నిలబడ్డ కొత్త మనిషేనా? ఇంకేమన్నా ఉన్నదా? ఒక్కొక్కటే చూద్దాం.

బోడుప్పల్ ఎట్ల పెరిగింది?

బోడుప్పల్ ఒకప్పుడు వరంగల్ రోడ్డు పక్కన ఉన్న పల్లె. పొలాలు, చెరువు, గ్రామ పంచాయతీ. దగ్గరలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు వచ్చాయి. కంపెనీలు వచ్చిన చోటికి మనుషులు వస్తారు. వరంగల్, జనగామ, భువనగిరి వైపు నుంచి పట్నం వచ్చేవాళ్లకు ముందు తగిలేది ఉప్పల్. బస్సు దిగిన చోటుకు దగ్గరలోనే గది వెతుక్కున్నారు. ఉప్పల్‌లో కిరాయిలు పెరిగితే ఇంకొంచెం ముందుకు, బోడుప్పల్‌కు పోయారు. పొలాలు ప్లాట్లు అయ్యాయి. ప్లాట్లు ఇళ్లు అయ్యాయి.

2011 జనాభా లెక్కల్లో బోడుప్పల్‌లో 48 వేలకు పైగా మనుషులు ఉన్నారు. 2016లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైంది. అది ఉప్పల్ మీదుగానే పోతుంది. రైలు దగ్గరైతే ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది. ఇంకా అపార్ట్‌మెంట్లు లేచాయి.

మరి ఇన్ని ఇళ్లు ఎవరు కట్టారు? ఊరిలో పుట్టి పెరిగినవాళ్లు మాత్రమే అయితే ఇన్ని గోడలు లేచేవి కావు. మొదట తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లు కట్టారు. వాళ్లలో పాలమూరు కూలీల పేరు దేశమంతా తెలుసు. పాలమూరు అంటే మహబూబ్‌నగర్ జిల్లా. వానలు లేక, సాగునీరు లేక, అక్కడి మనుషులు తరతరాలుగా వలస పోయారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరులో పునాది పడింది. ఆ కట్ట మీద రాళ్లు, మట్టి మోసినవాళ్లలో పాలమూరు వాళ్లు ఉన్నారు. బొంబాయిలో, ఇంకా దూరపు రాష్ట్రాల్లో కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు.

తరువాత ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ వాళ్లు హైదరాబాద్‌కు రావడం పెరిగింది. వాళ్ల ఊర్లలో కూలి తక్కువ. ఇక్కడ ఎక్కువ. నీళ్లు పల్లానికి పోయినట్టే, మనిషి పని ఉన్న చోటికి పోతాడు. జనగామ అక్కకు ఉప్పల్ ఎట్లనో, బిహార్ తమ్మునికి బోడుప్పల్ అట్లనే.

వచ్చిన మనిషికి రెండు చేతులే కాదు, కడుపు కూడా ఉంటుంది

కొత్తగా వచ్చినవాడు పని చేస్తాడు. ఇది అందరికీ కనబడుతుంది. కాని అతను తింటాడు, ఉంటాడు, తిరుగుతాడు. అందుకు డబ్బు ఖర్చు పెడతాడు. ఇది అంత తొందరగా కనబడదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది లెక్క కోసం అనుకున్నది మాత్రమే. ఒక గల్లీలో పదిమంది కొత్త కూలీలు కిరాయికి దిగారు అనుకుందాం. ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయలు వస్తాయి. అందులో 9,000 ఇంటికి పంపుతారు. మిగిలిన 6,000 ఇక్కడే ఖర్చు పెడతారు.

గది కిరాయిలో ఒక్కొక్కరి వంతు – 1,500
బియ్యం, కిరాణం, కూరగాయలు – 3,000
టిఫిన్, చాయ్ – 700
బస్సు, ఆటో, ఫోను, మందులు – 800
మొత్తం – 6,000 రూపాయలు

పదిమందికి నెలకు 60,000 రూపాయలు. ఏడాదికి 7,20,000. ఇదంతా ఆ గల్లీ చుట్టుపక్కలే తిరుగుతుంది. కిరాయి ఇంటామెకు వస్తుంది. పొద్దున ఇడ్లీ బండి పెట్టే వదినకు వస్తుంది. కూరగాయల తట్ట పెట్టుకునే పెద్దమ్మకు వస్తుంది. ఆటో తమ్ముడికి వస్తుంది. ఇడ్లీ బండి బాగా నడిస్తే గిన్నెలు తోమడానికి ఇంకొకామె కావాలి. అంటే ఇంకొకరికి పని.

కాబట్టి ఊర్లో ఉన్న పని ఒక రొట్టె లాంటిది కాదు. ఒకరు ముక్క తీసుకుంటే ఇంకొకరికి తగ్గడానికి. మనుషులు వస్తే రొట్టె కూడా పెద్దది అవుతుంది. అందుకే ఇన్నేండ్లుగా మనుషులు వస్తూనే ఉన్నా బోడుప్పల్‌లో పని అయిపోలేదు, పెరిగింది.

అయితే అందరికీ లాభమేనా?

కాదు. ఇక్కడే సరిగా చూడాలి. రొట్టె పెద్దదైనా ముక్కలు అందరికీ సమానంగా రావు.

ఇల్లు కిరాయికి ఇచ్చే ఆమెకు లాభం. కాని కిరాయికి ఉండే ఆమెకు నష్టం, ఎందుకంటే గిరాకీ పెరిగి కిరాయి పెరుగుతుంది. టిఫిన్ బండి ఆమెకు లాభం. తాపీ మేస్త్రీకి లాభం, ఎందుకంటే కింద పనిచేసే చేతులు దొరికితే ఆయన ఎక్కువ ఇళ్లు ఒప్పుకోగలడు. కాని కొత్తవాళ్లు చేసే పనే చేసే కూలి అక్కకు? ఆమెకు పోటీ పెరుగుతుంది. కొత్త కాలనీకి నల్లా నీళ్లు, మోరీలు, బడి, దవాఖాన అదే వేగంతో పెరగకపోతే అందరికీ ఇబ్బంది. బిందెల వరుస పొడుగవుతుంది. ఆ వరుసలో నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే.

ఈ ప్రశ్న బోడుప్పల్‌కు మాత్రమే రాలేదు. ప్రపంచంలో చాలా చోట్ల వచ్చింది. అమెరికాలో మయామి అని ఒక నగరం ఉన్నది. 1980లో క్యూబా దేశం నుంచి దాదాపు 1,25,000 మంది కొన్ని నెలల్లోనే పడవలెక్కి అమెరికాకు వచ్చారు. వాళ్లలో చాలామంది మయామిలోనే ఉండిపోయారు. అక్కడ వందమంది పనివాళ్లు ఉన్న చోట ఒక్కసారిగా నూట ఏడుగురు అయ్యారు. కూలి పడిపోతుందని అందరూ భయపడ్డారు.

డేవిడ్ కార్డ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త అక్కడి కూలి లెక్కలు తీసి చూశాడు. 1990లో తన లెక్క అచ్చు వేశాడు. పాతవాళ్ల కూలి, పని పెద్దగా తగ్గలేదని అందులో తేలింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని జార్జ్ బోర్హాస్ అనే ఇంకొక శాస్త్రవేత్త అదే లెక్కను మళ్లీ తీశాడు. ఆయన కూడా చిన్నప్పుడు క్యూబా నుంచి వలస వచ్చినవాడే. హైస్కూలు చదువు పూర్తి కాని మగవాళ్ల కూలి మాత్రం బాగా పడిపోయిందని ఆయన చెప్పాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ విషయంలో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ ఇద్దరి లెక్కల నుంచీ ఒక మాట నేర్చుకోవచ్చు. ఊరంతా కలిపి చూస్తే పెద్ద నష్టం కనబడకపోవచ్చు. కాని అందరికన్నా కింద ఉన్న కూలికి దెబ్బ తగలవచ్చు. అడ్డా మీది అక్క మాటను కొట్టిపారేయకూడదు. ఆమె మొత్తం ఊరి లెక్క చెప్పడం లేదు. తన సద్ది గిన్నె లెక్క చెబుతున్నది.

కంటికి కనబడని ఇంకొక పోటీ

ఇంకో సంగతి కూడా ఉన్నది. ఇదివరకు ఇంటికి స్లాబు వేయాలంటే నలభై, యాభైమంది కూలీలు వచ్చేవాళ్లు. ఒకరు ఇసుక ఎత్తేవాళ్లు, ఒకరు కంకర. ఆడవాళ్లు వరుసగా నిలబడి మాలు తట్టలు పైకి అందించేవాళ్లు. స్లాబు రోజు అంటే ఆడకూలీకి పండుగ రోజు.

ఇప్పుడు పెద్ద కట్టడాలకు మాలు లారీలోనే కలిసి వస్తుంది. లారీ మీది డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. పంపు గొట్టం పెట్టి పై అంతస్తుకు తోస్తారు. పునాది తవ్వడానికి జేసీబీ వస్తుంది. ఇటుకలు ఎక్కించడానికి లిఫ్టు వస్తుంది. ఈ మిషన్లు ఎక్కువగా ఆడవాళ్లు చేసే పనినే తీసుకున్నాయి. ఎందుకంటే తవ్వి పోయడం, మోయడం తప్ప వేరే పని ఆడవాళ్లకు ఎవరూ నేర్పలేదు. తాపీ పట్టుకునే పని, కరెంటు పని, టైల్స్ పని, రంగుల పని మగవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

మిషన్ మీద కోపం వస్తే తిట్టడానికి దానికి మొహం లేదు. బిహార్ తమ్మునికి మొహం ఉన్నది. అందుకే కోపం అంతా అతని మీదికి పోతుంది.

అతను ఐదు వందలకే ఎందుకు పోతున్నాడు?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. పని ఒకటే. అక్క ఆరు వందలు అడుగుతుంది. కొత్తగా వచ్చినవాడు ఐదు వందలకే ఒప్పుకుంటాడు. అతనికి వంద రూపాయలు చేదా? కాదు. ఒప్పుకోక తప్పని కారణాలు ఉన్నాయి.

మొదటిది అప్పు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా లాంటి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. సర్దార్ అనే మధ్య మనిషి ముందుగానే అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పెండ్లికో, జబ్బుకో, పాత అప్పుకో అయిపోతుంది. తరువాత ఆరేడు నెలలు ఇటుకలు చేసి ఆ అప్పు తీర్చాలి. అప్పులో ఉన్న మనిషి రేటు గురించి బేరం ఆడలేడు.

రెండవది భాష. ఇక్కడి రేటు ఎంతో అతనికి తెలియదు. అడగడానికి మాట రాదు.

మూడవది ఇల్లు. చాలామంది పని జరిగే చోటే రేకుల షెడ్డులో ఉంటారు. పని పోతే తల దాచుకునే చోటు కూడా పోతుంది.

నాలుగవది తిండి. రేషన్ కార్డు ఊర్లో ఉంటుంది. ఇక్కడ బియ్యం కొనుక్కోవాలి. ఒక్క రోజు పని లేకపోయినా గడవదు.

మరి తగ్గిన వంద రూపాయలు ఎవరి జేబులోకి పోయాయి? లెక్క వేద్దాం. ఒక కాంట్రాక్టరు దగ్గర 20 మంది ఇలా వంద తక్కువకు చేస్తే, రోజుకు 2,000 రూపాయలు మిగులు. నెలకు 25 రోజుల పని అయితే 50,000 రూపాయలు. ఆ ఇల్లు కొనేవాళ్లకు ధర తగ్గిందా? తగ్గలేదు. కొత్తవాడికి లాభమా? కాదు. అక్కకు లాభమా? అసలే కాదు. లాభమంతా మధ్యలో ఉన్నవాడిది.

పిల్లీ పిల్లీ కొట్లాడుకుంటే రొట్టె కోతి తిన్న కథ చిన్నప్పుడు అందరూ విన్నదే. తక్కెడ పట్టుకున్న కోతిని వదిలిపెట్టి, పిల్లులు ఒకదాన్నొకటి రక్కుకున్నాయి.

రంగూన్‌లో మనవాళ్లే కొత్తవాళ్లు

ఇది కథ కాదు, చరిత్ర. మన తెలుగువాళ్లకే జరిగింది.

దాదాపు నూరేండ్ల కిందట కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలమంది తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మా దేశంలోని రంగూన్ నగరానికి పోయేవాళ్లు. అప్పుడు బర్మా కూడా ఇంగ్లీషువాళ్ల పాలనలోనే ఉండేది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచేవాళ్లు. ఓడల్లో సరుకు ఎక్కించడం, దింపడం, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడం వాళ్ల పని. తక్కువ కూలి, ఇరుకు గదులు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు ఏం చేశాయి? ఊర్లో పని లేక ఉన్న బర్మా మనుషులను పిలిచి పనిలో పెట్టుకున్నాయి. కొన్ని రోజులకు తెలుగు కూలీలతో రాజీ కుదిరింది. అంతే, బర్మా కూలీలు అక్కర లేకుండా పోయారు. మే 26న పొద్దున వాళ్లు పనికి వచ్చి చూస్తే తమ చోట మళ్లీ పాతవాళ్లే ఉన్నారు. మాటా మాటా పెరిగింది. కొట్లాట అయింది. అది నగరమంతా పాకింది. కొన్ని రోజుల్లోనే వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

చంపినవాళ్లూ పేదలే, చచ్చినవాళ్లూ పేదలే. ఒకరిని చూపి ఇంకొకరి కూలి తగ్గించిన కంపెనీలకు ఏమీ కాలేదు.

ఇప్పటికీ మనవాళ్లు బయటికి పోతూనే ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊర్లలో గల్ఫ్ దేశాలకు మనిషి పోని వాడ తక్కువ. మన దేశం నుంచి గల్ఫ్‌కు పోయే కూలీలకు ఇంత జీతం తగ్గకూడదు అని మన ప్రభుత్వం ఒక రేటు పెడుతుంది. 2020 సెప్టెంబరులో ఆ రేటు తగ్గించారు. రేటు ఎక్కువ ఉంటే వేరే దేశాలవాళ్లను పెట్టుకుంటారని, మనవాళ్ల ఉద్యోగాలు పోతాయని కారణం చెప్పారు. గల్ఫ్ కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. తెలంగాణలో గట్టిగా అడిగారు, హైకోర్టుకు కూడా పోయారు. 2021లో పాత రేటే మళ్లీ వచ్చింది. అడ్డా మీది ఐదు వందలు, ఆరు వందల ముచ్చటే అది. చోటు మాత్రమే వేరు.

వాళ్లు పోయిన రోజు ఏమైంది?

2020 మార్చి 25 నుంచి కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. పనులు ఆగిపోయాయి. వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. అయినా చాలామందికి ఊరి మీదనే ప్రాణం. పిల్లలను ఎత్తుకొని రోడ్ల మీద నడిచిపోయారు. వరంగల్ రోడ్డు, నాగపూర్ రోడ్డు, ఏ రోడ్డు చూసినా మూటలే.

మే 1న వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. అది హైదరాబాద్‌లోని లింగంపల్లి నుంచే. దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. తరువాత ఇంకా ఎన్నో రైళ్లు పోయాయి.

మరి వాళ్లు పోయాక ఇక్కడివాళ్లకు పని పెరిగిందా? అట్ల కాలేదు. అప్పుడు తెలంగాణలో యాసంగి వడ్లు కుప్పలుగా వచ్చి ఉన్నాయి. మిల్లుల్లో బస్తాలు ఎత్తే హమాలీలు లేరు. బస్తాలు దిగకపోతే లారీలు ఆగుతాయి. లారీలు ఆగితే కల్లాల్లో వడ్లు ఆగుతాయి. వడ్లు ఆగితే రైతు చేతికి డబ్బు రాదు. అందుకని మొదటి రైలు పోయిన వారం రోజులకే, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు లింగంపల్లికి వచ్చింది. రెండు వందలకు పైగా హమాలీలు దిగారు. దేశమంతా కూలీలు ఊర్లకు పోతుంటే, ఆ రైలు మాత్రం ఇటు వచ్చింది.

కిరాయి గదులు ఖాళీ అయ్యాయి. కూలీల మీద నడిచే చాయ్ కొట్లకు, టిఫిన్ బండ్లకు గిరాకీ పోయింది. మేస్త్రీలకు చేతులు దొరకలేదు. ఒకరి పని ఇంకొకరి పనికి ఎట్ల ముడిపడి ఉంటుందో ఆ రోజుల్లో అందరూ చూశారు.

చట్టం ఏమంటుంది?

ఒడిశా నుంచి అడ్వాన్సు మీద తీసుకుపోయే కూలీల బాధలు బయటికి వచ్చిన తరువాత, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఒకే పని చేస్తే వలస వచ్చినవాడికీ, స్థానికుడికీ ఒకే కూలి ఇవ్వాలని అందులో రాశారు. ఇది వలస వచ్చినవాడిని మాత్రమే కాపాడే మాట అనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే ఇది స్థానిక అక్కను కూడా కాపాడే మాట. ఇద్దరి రేటూ ఒకటే అయితే, ఆమెను వదిలి అతన్ని పిలవడానికి కాంట్రాక్టరుకు కారణం ఉండదు.

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. ఆడవాళ్లకు, మగవాళ్లకు సమాన వేతనం అనే చట్టం 1976లో వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టాల చోట నాలుగు కొత్త కార్మిక చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటిని కోడ్‌లు అంటారు. వీటి ప్రకారం కూడా ఒకే పనికి ఆడ, మగ తేడా చూపి కూలి తగ్గించకూడదు. కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వకూడదు. ఇది ఊరివాళ్లకూ, బయటి నుంచి వచ్చినవాళ్లకూ అందరికీ వర్తిస్తుంది.

ఇల్లు కట్టే పనివాళ్లకు సంక్షేమ బోర్డు ఉన్నది. పెద్ద కట్టడాల ఖర్చులో నూటికి ఒక రూపాయి లెక్కన ఈ బోర్డు కోసం వసూలు చేస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్లు కార్మిక శాఖలో పేరు రాయించుకోవచ్చు. తట్ట మోసే అక్క కూడా రాయించుకోవచ్చు. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు కూడా రాయించుకోవచ్చు. పేరు ఉన్నవాళ్లకే ప్రమాదంలో సాయం, కాన్పు సాయం లాంటివి అందుతాయి.

2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ఒక రాష్ట్రం రేషన్ కార్డుతో ఇంకొక రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతి మొదలైంది. తరువాత అది దేశమంతటికీ వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో బియ్యం ఉన్న మనిషి "ఐదు వందలకు రాను" అనగలడు. అతను అట్ల అనగలిగితే అక్క రేటు కూడా నిలబడుతుంది.

అయితే చట్టం కాగితం మీద ఉంటే చాలదు. అడిగేవాళ్లు ఉంటేనే అది కదులుతుంది.

అడ్డా మీద ఏం చేయవచ్చు?

మొదటిది, రేటు ఒకటే చెప్పడం. నిలబడ్డ అందరూ ఒకే మాట మీద ఉంటే మేస్త్రీ ఒకరిని చూపి ఇంకొకరిని తగ్గించలేడు. కొత్తవాళ్లను ఆ మాటలో కలుపుకోకపోతే ఆ మాట నిలవదు.

రెండవది, లెక్క రాసుకోవడం. ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉన్నది అని చిన్న పుస్తకంలో రాసుకోవాలి. మేస్త్రీ హాజరీ పుస్తకంలో తన పేరు ఉన్నదా లేదా అని చూసుకోవాలి. వేలిముద్ర వేసిన రోజుల్లో ఇది కుదరలేదు. అక్షరాలు వచ్చిన తరువాత కుదురుతుంది.

మూడవది, పని నేర్చుకోవడం. తట్ట మోసే పనికి పోటీ ఎక్కువ, కూలి తక్కువ. టైల్స్, రంగులు, కుట్టుపని, కంపెనీలో మిషన్ పని లాంటివి వస్తే రేటు పెరుగుతుంది.

నాలుగవది, నీళ్లు, మోరీ, బడి, దవాఖాన గురించి అడగడం. మనుషులు పెరిగితే ఇవి కూడా పెరగాలి. ఇది పక్కింటి కిరాయిదారును అడిగేది కాదు. ఊరిని నడిపేవాళ్లను అడిగేది.

మళ్లీ ఆ అక్క దగ్గరికి వద్దాం. మరునాడు పొద్దున అడ్డా మీద ఆమె పక్కన ఒడిశా నుంచి వచ్చిన ఒకామె నిలబడ్డది అనుకుందాం. చంకలో పిల్ల ఉన్నది. అక్కకు హిందీ అంతంత మాత్రమే. అయినా అడుగుతుంది.

"కిత్నా లేతే?"

ఆమె భయం భయంగా ఐదు వేళ్లు చూపుతుంది.

అక్క తల అడ్డంగా ఊపుతుంది. ఒక చెయ్యి మొత్తం తెరిచి, రెండో చేతి బొటనవేలు కలుపుతుంది. ఆరు.

"ఛే సౌ. తూ భీ ఛే సౌ, మై భీ ఛే సౌ."

మేస్త్రీ బండి వచ్చి ఆగుతుంది. ఆ రోజు ఇద్దరికీ పని దొరుకుతుందా అంటే చెప్పలేం. ఒక్క రోజులో అయ్యే పని కాదు ఇది. కాని ఒకరిని చూపి ఇంకొకరిని తగ్గించడం మాత్రం ఆ రోజు ఆయనకు కుదరదు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లోవాళ్లు ఏ ఊరి నుంచి, ఎందుకు ఇక్కడికి వచ్చారు?
2. మీ గల్లీలో బయటి నుంచి వచ్చినవాళ్ల వల్ల ఎవరికి లాభం కలిగింది? ఎవరికి నష్టం కలిగింది?
3. ఒకే పనికి మీ దగ్గర ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత, కొత్తవాళ్లకు ఎంత ఇస్తున్నారు? ఒక కాగితం మీద రాయండి.
4. మీ పేరు కార్మిక శాఖలో రాయించుకున్నారా? లేకపోతే ఎవరెవరు కలిసి పోతారు?